శాసనసభ్యుడైన లింకను

ఆంధ్రదేశమున చదువు గల యిండ్లలో అబ్రహాము లింకను పేరు ఎఱుగని వారరుదు. 1906లో హైదరాబాదున నెలకొన్న విజ్ఞానచంద్రికా మండలి తన గ్రంథమాలలో మొదటిదిగా 1907లో ప్రకటించినది గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి 'అబ్రహాము లింకను చరిత్ర'. సముద్రముల కావలనున్న యొక బీదవాని కొడుకు కథతో ఆ గ్రంథమాల ఆరంభమగుట మాకు నేటికిని సంతోషము గొలుపు విషయము. జన్మముచేత గాక ప్రయత్నముచేత మనుష్యుడు పెద్దవాడు కాగలడను మాట అప్పటి తెలుగు బాలురకు ఉపదేశముగా గాక ఒకని బ్రదుకుగా వినవచ్చెను. గ్రంథకర్త మఱుసటి యేడే, పత్రికలో వెలువడిన యొక వ్రాతకై రాజద్రోహనేరము మోపబడి, చెఱసాలకు పోయెను. అట్టివారి చేతి పుస్తకమని తలచినపుడు దానియెడ గౌరవ మింకను హెచ్చును.

నాటినుండి నేటివఱకు లింకను కథ పాఠ్యపుస్తకములందును, పిల్లల పత్రికలందును, సభలలోని యుపన్యాసములందును ఎన్నియో రూపముల వచ్చినది. ఈ పిల్లల చరిత్రలలో సామాన్యముగా కానవచ్చు లోపమొకటి కలదు. కథ కఱ్ఱదుంగల గుడిసెతో మొదలగును. పొయ్యి వెలుతురున చదువు, ఎరువు తెచ్చిన పుస్తకము వానకు తడియుట, గొడ్డలి చేతబట్టి కంచెకఱ్ఱలు చీల్చుట, ఇవన్నియు విపులముగా నుండును. పిమ్మట ఒకటి రెండు వాక్యములు: శాసనసభకు ఎన్నికయ్యెను, న్యాయవాది యయ్యెను, పెక్కుమాఱులు ఓడిపోయెను, అయినను ధైర్యము వీడలేదు. పుట త్రిప్పునప్పటికి 1860వ సంవత్సరము వచ్చును. లింకను దేశాధ్యక్షుడై యుండును. మొదటిసారి ఓటు అడిగిన 1832 మొదలు అధ్యక్షుడైన 1860 వఱకు గల ఇరువదియెనిమిది సంవత్సరములు ఆ రెండు వాక్యములలో మునిగిపోయినవి. అందు ఎనిమిదేండ్లు ఆయన ఇలినాయ్ రాష్ట్ర శాసనసభ్యుడు. మిగిలిన కాలములో చాలభాగము అంతకంటె పెద్దపదవిని కోరుచు తిరిగినవాడు.

ఈ భాగమును ఏల దాటవేయుదురు? పిల్లలకు విసుగు కలుగునని కొందఱందురు. మా యూహ వేఱు. పదవి కోరుట మహాపురుషునికి తగదని మనలో నొక నమ్మకము పాతుకొని యున్నది. "పదవికై ప్రాకులాడువాడు" అనుట మన యిండ్లలో తిట్టు. "పదవి తనంతట తానే వచ్చి వరించినది" అనుట పొగడ్త. అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత మన వంటయిండ్లలో పుట్టినదే. ఓటు అడుగువానిని మాత్రము మనము చులకనగా చూతుము. కావున గొప్పవాని చరిత్ర వ్రాయునపుడు అతడు అడిగిన ఘట్టములను తుడిచివేసి, పొందిన ఘట్టములను మాత్రము నిలుపుచున్నాము. లింకను విషయమున ఈ తుడుపు మఱింత అన్యాయము. ఏలయన తన కోరికను దాచనివారిలో ఆయన యొకడు.

ఈ శాసనసభాకాలమును గూర్చి ప్రత్యేకముగ వ్రాయబడిన గ్రంథము ఇంగ్లీషున నొకటి కలదు. పాల్ సైమను రచించిన ఆ పుస్తకము 1965లో వెలువడెను. దాని పేరు తెలుగున చెప్పవలెనన్న 'గొప్పతనమునకు లింకను సన్నాహము' అగును. వ్రాసినవాడు పండితవృత్తివాడు గాడు. అప్పటికి తానును ఇలినాయ్ శాసనసభలో సభ్యుడు. తరువాత ఆయన ఆ రాష్ట్రమునకు లెఫ్టినెంటు గవర్నరును, దేశపు సెనేటులో సభ్యుడును అయి, 1988లో అధ్యక్షపదవికి తన పక్షము తరపున నిలువబోయి విఫలుడయ్యెను. శాసనసభ లోపలి గాలి పీల్చినవాడు గనుక ఆయనకు పుక్కిటి కథలకంటె సభా కార్యక్రమపు దస్తరములపైనను, ఎవరు దేనికి ఓటిచ్చిరను పట్టికలపైనను నమ్మకము మెండు. ఈ గుణము చేతనే ఆ పుస్తకము విలువగలది. అయినను దాని పేరులోని 'సన్నాహము' అను మాట మాకు రుచింపదు. శాసనసభలో గడపిన ఎనిమిదేండ్లు మున్ముందు రానున్న గొప్పతనమునకు సాధన మాత్రమేనా? ఆ యేండ్లలో ఆ సభ చేసిన చట్టములు ప్రజలపై బడినవి. చేసిన యప్పు ప్రజలు తీర్చిరి. వారు లింకను సాధనకొఱకు బ్రదికినవారు గారు. కావున ఆ కాలమును దానికి దానినే లెక్కగట్టి చూడవలయును.

1832 మార్చి నెలలో ఇరువదిమూడేండ్ల లింకను సాంగమను జిల్లా ప్రజలకు పత్రికాముఖమున ఒక విజ్ఞప్తి చేసెను. అందు చెప్పిన పనులు చిన్నవి: సాంగమను నదిని పడవలు నడచుటకు అనువుగ బాగుచేయుట, వడ్డీకి హద్దు విధించుట, చదువు వ్యాపింపజేయుట. కడపట తన కోరికను గూర్చి తానే చెప్పుకొనెను. ప్రతి మనిషికిని ఏదో యొక ఆశ యుండుననియు, తోడి మనుష్యుల గౌరవమునకు అర్హుడై ఆ గౌరవమును పొందుటయే తన ఆశ యనియు దాని తాత్పర్యము. ఎన్నుకొనకున్నను తాను నిరాశకు అలవాటుపడినవాడనే యని గూడ చేర్చెను. పదుమువ్వురు నిలిచిన ఆ ఎన్నికలో ఆయన ఎనిమిదవవాడుగా నిలిచి ఓడిపోయెను. మొదటి నలువురికే స్థానములు. అయితే తాను కాపురమున్న న్యూసేలము గ్రామపు 300 ఓట్లలో 277 ఆయనకు వచ్చినవి. ఇంట గెలిచి రచ్చ గెలువుమను మన పెద్దల మాటకు ఇంతకంటె చక్కని నిదర్శన మేమున్నది? ప్రజలు నేరుగా ఓటువేసి తన్ను ఓడించినది ఆ యొక్కమాఱేనని ఆయన ఉత్తరోత్తర చెప్పుకొనెడివాడు. అది నిజమే. తరువాతి యోటములన్నియు పక్షసభలలోనో, శాసనసభ్యుల చేతులలోనో జరిగినవి.

1834లో ఆయన నెగ్గెను. అప్పటి రాజధాని వండేలియాకు పోవుటకు తగిన దుస్తులు లేక ఒక రైతువద్ద 200 డాలర్లు అప్పు చేసెను. సభ్యునికి దినభత్యము 3 డాలర్లు. 1836, 1838, 1840 సంవత్సరములందు మరల మరల ఎన్నికయ్యెను. 1836లో పోటీచేయునపుడు ఆయన పత్రికకు వ్రాసిన చిన్న లేఖ యొకటి మన గృహిణులు తప్పక ఎఱుగదగినది. పన్ను చెల్లించుచున్న తెల్లవారికిని, ఆయుధము పట్టి దేశసేవ చేసిన తెల్లవారికిని ఓటుహక్కు ఉండవలెననియు, అందుండి స్త్రీలను తొలగింపరాదనియు ఆయన అందు తెలిపెను. అమెరికా దేశమంతటను స్త్రీలకు ఓటుహక్కు రాజ్యాంగమున చేరినది 1920లో. అంతకు ఎనుబదినాలుగేండ్ల ముందు ఒక మారుమూల జిల్లా శాసనసభ్యుడు ఈ మాట వ్రాయుట మెచ్చదగినదే. కాని 'తెల్లవారు' అను మాటను గూడ కన్ను దాటిపోనీయరాదు. ఆ యొక్క వాక్యములోనే ఒక తలుపు తెఱువబడినది, వేఱొకటి మూయబడినది. పైగా ఆ మాటను చట్టముగా మార్చుటకు ఆయన శాసనసభలో పట్టుబట్టినట్లు కానరాదు.

ఇక అసలు పరీక్ష 1836 డిసెంబరున కూడిన సభలో వచ్చెను. సాంగమను జిల్లానుండి ఇద్దఱు సెనేటు సభ్యులు, ఏడుగురు ప్రతినిధులు. తొమ్మండుగురును ఇంచుమించు ఆఱడుగుల వారగుటచే వారికి 'పొడుగు తొమ్మండుగురు' అను పేరు వచ్చెను. వారు జిల్లానుండి తెచ్చిన కోరిక యొకటే: రాజధానిని వండేలియానుండి తమ స్ప్రింగుఫీల్డునకు మార్చవలయును. ఆ సభయే రాష్ట్రమంతట రైలుదారులు, నదుల బాగుచేత, బాటలు మొదలగువానికై సుమారు ఒక కోటి డాలర్లు అప్పుతెచ్చు పథకమును అంగీకరించెను. ఏ రైలుదారియు రాని జిల్లాలు అలుగకుండుటకు 2 లక్షల డాలర్లు వానికి పంచబడెను. ఈ పంపకమును చూచినపుడు మన శాసనసభలను ఎఱిగినవారికి నవ్వును ఏడుపును కలిసి వచ్చును. పథకము 1837 ఫిబ్రవరి 27న చట్టమయ్యెను. మఱునాడే, నాలుగవ విడత ఓటింపుతో, స్ప్రింగుఫీల్డు రాజధానిగా నిర్ణయింపబడెను.

తారీఖులు ఇంత దగ్గఱగా నుండుటచే ఆనాడే నింద బయలుదేరెను: తొమ్మండుగురు తమ ఓట్లను రైలుదారులకు అమ్మి రాజధానిని కొనిరని. లింకను జీవితచరిత్రకారులు పలువురు ఆ మాటనే తిప్పి తిప్పి చెప్పిరి. సైమను ఓట్ల పట్టికలను ఒక్కొక్కటిగా పరిశీలించి, అట్టి బేరము జరిగినదను నింద ఆ పట్టికలచేత ఋజువు కాదని వాదించెను. ఆయన వాదము బలమైనదే. కాని బేరము లేకున్నంతమాత్రమున బాధ్యత తీరునా? ఆ రాష్ట్ర జనాభా 1840లో గూడ 5 లక్షలు నిండలేదు. 1837లోనే దేశమంతట ద్రవ్యసంక్షోభము పుట్టెను. పనులు సగములో నిలిచినవి. 1840ల ఆరంభమున రాష్ట్రము తన యప్పునకు వడ్డీ గూడ చెల్లింపలేని స్థితికి వచ్చెను. మెరెడోషియానుండి స్ప్రింగుఫీల్డువఱకు వేసిన రైలుదారి యొకటి మాత్రము చేతికందెను. దానిని 1847లో 21,100 డాలర్లకు వదలుకొనవలసివచ్చెను. అందఱికంటె ఎక్కువగా లింకనునే దీనికి దోషిగా నిలుపుట న్యాయము గాదు. ఆ సభలో అత్యధికసంఖ్యాకులు అదే మత్తులో నుండిరి. అయినను విపత్తు కనబడిన పిమ్మట గూడ ఆ పథకమును వదలక పట్టుకొన్నవారిలో ఆయన యొకడు. తన ఊరికి రాజధాని తెచ్చెను, తన రాష్ట్రమునకు అప్పు తెచ్చెను. పిల్లల పుస్తకములలో ఈ రెండును లేవు.

ఒక చిన్న మాట. ఆ రాజధాని మార్పు ఫలముగా స్ప్రింగుఫీల్డున కట్టబడిన పాత శాసనసభాభవనము ముందటనే 2007 ఫిబ్రవరి 10న బరాక్ ఒబామా అధ్యక్షపదవికి తాను నిలుచుచున్నట్లు ప్రకటించెను. ఆయనయు ఇలినాయ్ రాష్ట్ర సెనేటులో 1997 నుండి 2004 వఱకు కూర్చున్నవాడు. 2000లో కాంగ్రెసు స్థానమునకై స్వపక్షములోనే పోటీచేసి ఓడిపోయినవాడు. ఏ చోట నిలిచి అడుగవలెనో ఆయనకు తెలియును.

రాజధాని గొడవ నడచుచుండగనే, 1837 జనవరిలో, ఆ సభ బానిసత్వమును గూర్చి ఒక తీర్మానము చేసెను. బానిసత్వ నిర్మూలన సంఘములను గర్హించుచు, బానిసలపై యజమానుల హక్కు ఆయా రాష్ట్రములలో పవిత్రమైనదని చెప్పు తీర్మానమది. అనుకూలముగా 77 ఓట్లు, ప్రతికూలముగా 6. ఆ ఆఱింటిలో లింకనుదొకటి. మార్చి 3న ఆయనయు, డాన్ స్టోను అను తోడి సభ్యుడును కలిసి వ్రాతపూర్వకముగ ఒక నిరసనను సభాపుస్తకమున చేర్పించిరి. బానిసత్వము అన్యాయము మీదను చెడ్డనీతి మీదను నిలిచినదని అందు స్పష్టముగ నున్నది. నిర్మూలనవాదుల ప్రచారము ఆ కీడును తగ్గింపక పెంచుననియు, రాష్ట్రములలోని బానిసత్వమున జోక్యము చేసికొనుటకు కాంగ్రెసునకు అధికారము లేదనియు గూడ నున్నది.

ఈ నిరసనను పొగడువారు మొదటి వాక్యమునే చెప్పుదురు. తెగడువారు తరువాతి వాక్యములనే చెప్పుదురు. మేము తారీఖును గూడ చూడుమందుము. తీర్మానము జనవరిలో, రాజధాని ఓటు ఫిబ్రవరి 28న, నిరసన మార్చి 3న. తన జిల్లాకు కావలసిన ఓట్లు చేతబడినవఱకు లింకను ఈ కాగితమును బయటపెట్టలేదు. దీనిని పిఱికితనమందురా? అనవచ్చును. కాని అదే సంవత్సరము నవంబరున ఆ రాష్ట్రములోనే, ఆల్టను పట్టణమున, బానిసత్వమునకు విరోధముగ పత్రిక నడపిన లవ్‌జాయ్‌ను మూక కాల్చిచంపినది. నాటి ఇలినాయ్‌లో ఆ కాగితముపై సంతకము చేయుటవలన ఒక్క ఓటును పెరుగదు. తరుగుటకు మాత్రము అవకాశము కలదు. స్టోను శాసనసభను వదలి న్యాయమూర్తి పదవికి పోవుచున్నాడు. అతనికి మరల ప్రజల ముందు నిలువవలసిన పని లేదు. నిలువవలసినవాడు లింకను. కావున మా లెక్కలో ఆయన జాగు చేసెను, ఆ జాగునకు కారణము స్వార్థము గాకున్నను స్వజిల్లార్థము. జాగు చేసియు, చేయకుండిన సుఖముగ నుండెడి పనిని చేసెను. ఈ రెండు మాటలను కలిపి చెప్పినపుడే ఆ యువకుడు మనకు కనబడును.

1838లోను 1840లోను విగ్గు పక్షమువారు ఆయనను సభాపతి పదవికి నిలిపిరి. రెండు మాఱులును సంఖ్యాబలము చాలక ఓడిపోయెను. 1840 డిసెంబరున సభకు కావలసిన కనీససంఖ్యను భగ్నము చేయుటకై కిటికీనుండి దూకిన కథ ఆయన విరోధులకు చాలకాలము వినోదమయ్యెను. దూకుటకు ముందే హాజరు లెక్కింపబడినదట! 1842లో ఆయన శాసనసభకు మరల నిలువలేదు. చూపు కాంగ్రెసుమీద పడినది.

కాంగ్రెసు కథ త్వరగా చెప్పవచ్చును. 1843లో తన సొంత జిల్లా పక్షసభయే ఆయనను గాదని మిత్రుడైన బేకరును బలపఱచి, ఆ బేకరు తరపున మాటాడుటకు లింకనునే ప్రతినిధిగా పంపెను. తాను వలచిన పిల్లను వివాహమాడువానికి తోడిపెండ్లికొడుకుగా నిలిచినట్లున్నదని ఆయన ఒక మిత్రునకు వ్రాసికొనెను. చివరకు స్థానము హార్డిను అనువానికి పోయెను, 1844లో బేకరు, 1846లో "ఇక వంతు నాది" యని లింకను పట్టుబట్టి సాధించి, కార్ట్‌రైట్ అను మతబోధకుని 1500కు పైగా ఓట్లతో ఓడించెను. 1847 డిసెంబరున సభలో అడుగిడినవెంటనే మెక్సికోతో జరుగుచున్న యుద్ధమున మొదటి రక్తము ఎచ్చట చిందినదో ఆ చోటు చూపుమని అధ్యక్షుని నిలదీసి, యుద్ధోత్సాహములో నున్న తన ప్రజలకు అప్రియుడయ్యెను. పక్షములో వంతుల యేర్పాటు చొప్పున ఒక్క పర్యాయముతో దిగిపోవలసివచ్చెను. 1849లో ప్రభుత్వ భూముల శాఖాధిపతి యుద్యోగమునకై ఉత్తరములు వ్రాయించి, వాషింగ్టనువఱకు పరుగెత్తి, దానిని పొందలేకపోయెను. దూరపు ఆరిగాను సీమకు గవర్నరుగా పొమ్మన్నపుడు నిరాకరించెను. భార్య మేరీ దానికి సమ్మతింపలేదు. ఈ యిల్లాలి రాజకీయబుద్ధి భర్త బుద్ధికంటె తక్కువది గాదని మా తలంపు. అంత దూరము పోయినవాడు ఇలినాయ్ రాజకీయమునకు తిరిగివచ్చుట దుర్లభమని ఆమె కనిపెట్టియుండవచ్చును.

1854లో కాన్సాసు, నెబ్రాస్కా సీమలకు బానిసత్వము వ్యాపించుటకు దారి తీసిన చట్టము వచ్చెను. లింకను మరల సభలలో మాటాడసాగెను. నవంబరున శాసనసభకు మరల ఎన్నికయ్యెను. ఆ కాలమున దేశపు సెనేటు సభ్యులను ఎన్నుకొనువారు ప్రజలు గారు, రాష్ట్ర శాసనసభ్యులు. శాసనసభ్యుడు తానే సెనేటునకు పోరాదని ఇలినాయ్ రాజ్యాంగనియమము. లింకను శాసనసభాస్థానమును వదలుకొని సెనేటుకు నిలిచెను. వదలిన స్థానమునకు డిసెంబరున జరిగిన ఉపయెన్నికలో విరోధిపక్షమువాడు నెగ్గెను! పెద్దపదవి కోరి చిన్నపదవిని విడిచినందున తన పక్షమునకే ఒక ఓటు తగ్గెను. అది స్వల్పదోషము గాదు. ఆయనకు ఓటువేసి పంపినవారు ఇది చూచి ఏమనుకొనిరో ఊహింపవచ్చును.

1855 ఫిబ్రవరి 8న ఓటింపు. ఒక్కొక్క సభ్యుని పేరు పిలువగా అతడు లేచి తన యభ్యర్థి పేరు పైకి చెప్పవలయును. గెలుపునకు 51 కావలెను. లింకను తానే వ్రాసికొన్న లెక్క చొప్పున మొదటి విడతలో ఆయనకు 44, షీల్డ్సునకు 41, ట్రంబులునకు 5. ఆ అయిదుగురు బానిసత్వవ్యాప్తికి విరోధులే గాని పూర్వము డెమోక్రాటులు. పాత విగ్గు పక్షపువానికి ఓటు వేయుటకు వారికి మనసొప్పలేదు. 44 గలవాడు 5 గలవానికొఱకు కాచుకొని కూర్చుండుట, ఆ 5 కదలకుండుట! విడత వెంట విడత గడచినకొలది డెమోక్రాటులు షీల్డ్సును వదలి గవర్నరు మాటిసను వైపు మరలిరి. మాటిసను ఉభయపక్షములకును తీపిమాటలు చెప్పుచుండినవాడు. తొమ్మిదవ విడతకు మాటిసనుకు 47, ట్రంబులుకు 35. లింకనుకు మిగిలినవారు 15 మంది. వారు కడవఱకు కదలమన్నవారు. లింకను వారిని పిలిచి ట్రంబులుకు ఓటువేయుడని చెప్పెను. పదియవ విడతలో ట్రంబులుకు 51 వచ్చెను.

ఈ ఘట్టమును త్యాగమని వర్ణించువారు కలరు. మాకు ఆ మాట కొంచెము మెత్తనిదిగా తోచును. ఇందున్నది లెక్క. తాను గెలువజాలనని తెలిసినవెంటనే, తన ఓట్లు తనవి గావనియు, ఏ పనికై అవి తనకు ఇయ్యబడినవో ఆ పనికై ఖర్చు పెట్టవలెననియు ఆయన గ్రహించెను. పదునైదుగురును ఆయనపై ప్రేమచే ఓడిపోవుటకు సిద్ధముగ నుండిరి; ఆ ప్రేమను తన యభిమానమునకు ఆహుతి చేయలేదు. ఎంతమంది నాయకులు ఇట్టి సమయమున "నేను లేకున్న ఎవరును వలదు" అనుకొని పనినంతటిని ముంచిరో చదువరులకు మేము చెప్పనక్కఱలేదు. ఇంటిలో మాత్రము దీని ఖరీదు మేరీ చెల్లించెను. ట్రంబులు భార్య జూలియా ఆమెకు మిత్రము, పెండ్లిలో తోడిపెండ్లికూతురు. ఆ చెలిమి నాటితో ముగిసెను.

ఫలములు ఎట్లుండెనో చూడుడు. మాటిసను గవర్నరుగా నున్నపుడు జరిగిన కాలువపత్రముల మోసము 1859లో బయటపడెను. ట్రంబులు సెనేటు న్యాయశాఖాసంఘమునకు అధ్యక్షుడై, బానిసత్వమును దేశమంతట నిర్మూలించిన పదుమూడవ రాజ్యాంగసవరణను సెనేటులో నడపించెను. ఆ మొండి అయిదుగురిలో నొకడైన జడ్, 1860లో షికాగో పక్షసభలో లింకను పేరును అధ్యక్షపదవికి ప్రతిపాదించెను. ఇవన్నియు 1855లో లింకను ఎఱిగి చేసెనని చెప్పుట చరిత్రగాదు, పురాణము. ఆనాడు ఆయన చేతికి వచ్చినది ఓటమి మాత్రమే.

అమెరికాలో సెనేటు సభ్యులను శాసనసభ్యులెన్నుకొను పద్ధతి 1913 నాటి సవరణతో పోయెను. మన దేశమున రాజ్యసభకు నేటికిని ఆ పద్ధతియే. లంచములకు అడ్డుకట్టగా 2003లో మనము ఆ ఓటును బహిరంగముచేసి, ఏ పక్షమువాడు తన ఓటును ఆ పక్షపు ప్రతినిధికి చూపవలెనని చట్టము చేసితిమి. ఇందువలన ఓటు అమ్ముకొనువాడు కొంత జంకును. ఆనాటి ఇలినాయ్ సభలోను ఓటు బహిరంగమే. అయితే ఆ ఓటు ప్రజలందఱు వినునట్లు పలికిన మాట, పక్షపెద్దకు చూపిన కాగితము గాదు. ఈ భేదమును మన రాజ్యాంగపండితులు విచారింపదగును.

1858 కథ లోకవిదితము. డగ్లసుతో ఏడు వాదములు, ఏడు పట్టణములలో. రాష్ట్రమంతట లింకను పక్షమునకే ఓట్లు కొంచెమెక్కువ వచ్చినను, పాతబడిన నియోజకవర్గముల విభజనవలన శాసనసభలో 54 ఓట్లు డగ్లసుకు, 46 లింకనుకు వచ్చినవి. ఈ వాదములను మన పుస్తకములు కీర్తించును గాని సెప్టెంబరు 18న చార్లెస్టనులో ఆయన పలికిన మాటలను ఏవియు చెప్పవు. తెల్లవారికిని నల్లవారికిని సాంఘికముగ, రాజకీయముగ సమానత్వము కలిగించుట తన యభిమతము గాదని, నల్లవారికి ఓటు గాని, న్యాయస్థానములలో జూరీ స్థానము గాని, తెల్లవారితో వివాహము గాని కూడదని ఆయన వేలకొలది జనులయెదుట చెప్పెను. ఆ ప్రాంతము దక్షిణదేశమునుండి వచ్చి స్థిరపడినవారితో నిండినది, డగ్లసు ఆయనను సమానత్వవాది యని నిందించుచుండెను, ఓట్లు కావలెను. ఇవి కారణములు; క్షమాపణలు గావు. 1837లో ఓట్లు తరుగునని తెలిసియు ఒక మాట వ్రాసినవాడు, 1858లో ఓట్లకై ఈ మాట పలికెను. అంటరానితనముతో పోరాడిన సంస్కర్తల వంశమున పుట్టిన చదువరులు ఈ మాట విని నొచ్చుకొందురు. నొచ్చుకొనవలసినదే. కొందఱు చరిత్రకారులవలె దీనిని కాలధర్మమని తేల్చివేయుట మాకు సమ్మతము గాదు. ఆ కాలముననే, ఆ దేశముననే, ఇట్లు పలుకని తెల్లవారుండిరి.

ఆయన తన చరిత్రను తానెట్లు చెప్పుకొనెను? 1860లో ఎన్నికల ప్రచారమునకై స్క్రిప్సు అను పత్రికాకర్తకు తన జీవితసంగ్రహమును వ్రాసియిచ్చెను. తన్ను 'అతడు' అని చెప్పుకొనుచు వ్రాసిన ఆ కాగితములలో శాసనసభలోని ఎనిమిదేండ్లనుండి పూర్తిపాఠముతో ఎత్తిచూపినది ఒకే యొక్కటి: 1837 మార్చి 3 నాటి నిరసన. బానిసత్వము విషయమున అప్పటి తన యభిప్రాయమే ఇప్పటిదియు నని గూడ చేర్చెను. ఇరువదిమూడేండ్లు ఎవరును తలపెట్టని కాగితమది. డగ్లసుతోడి వాదములను పత్రికలనుండి కత్తిరించి అంటించి పుస్తకముగా అచ్చువేయించినదియు ఆయనయే. తన మాటలను తన పక్షపు పత్రికనుండియు, డగ్లసు మాటలను డగ్లసు పక్షపు పత్రికనుండియు తీసెను. అందు చార్లెస్టను మాటలను తొలగింపలేదు. అధ్యక్షపదవి కోరుచున్నవాడు ఓట్లు లెక్కించియే ఇవి చేసెనని మేమెఱుగుదుము. ఉత్తరపు రాష్ట్రములలో గూడ ఆ మాటలవలన ఆయనకు నష్టము లేదు.

తెలుగున పిల్లలకొఱకు లింకను చరిత్రను ఇకముందు వ్రాయబూనువారు గుడిసెకును పొయ్యివెలుగునకును ఇచ్చిన పుటలలో కొన్ని తగ్గించి, ఆ నిరసనను పూర్తిగా తెనిగించి ఇయ్యవలెనని మా కోరిక. అది చాల చిన్నది. ఒక పుట గూడ నిండదు. దాని ప్రక్కపుటలో చార్లెస్టను ప్రసంగపు మొదటి భాగమును, క్రింద 1855 ఫిబ్రవరి 8 నాటి ఓట్ల పట్టికను పది విడతలును విడువక అచ్చువేయవలయును. పట్టికలు పిల్లలకు విసుగు పుట్టించునని ప్రకాశకులు అనవచ్చును. క్రికెట్టు పరుగుల పట్టికను మన పిల్లలు కంఠతా చెప్పుచున్నారు; 44 ఏ విధముగ 15 అయ్యెనో, ఆ 15 ఎచ్చటికి పోయెనో వారు చదువజాలకపోరు.